కోనల్లో గుడారాలు - కింది ఊళ్లకు ఏమి మిగులుతున్నది?

(మా గ్రామీణ విలేఖరి)

నాగలాపురం: వానలు వెనకబట్టిన శనివారాల్లో పిచ్చాటూరు, నాగలాపురం, సత్యవేడు, వరదయ్యపాళెం దారుల్లో పొరుగు రాష్ట్రం నంబర్ల కార్లు, మోటారు సైకిళ్లు కొండలవైపు తిరగడం ఇప్పుడు మామూలైపోయింది. వీపున మూటలు, మూటలమీద చుట్టకట్టిన గుడారాలు. టీ అంగడి దగ్గర ఆగి కోనకు దారి అడుగుతారు. తలకొక టీ తాగి వెళ్లిపోతారు. ఆదివారం పొద్దుగూకే వేళకు తిరిగివస్తారు. సోమవారం ఉదయం మేకలు తోలుకుని వెళ్లిన వాళ్లకు మడుగు గట్టున మూడు రాళ్లు, బూడిద, పగిలిన సీసాలు, ప్లాస్టిక్ పళ్లాలు కనిపిస్తాయి.

వచ్చేవాళ్లను తప్పు పట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. పట్నంలో వారమంతా పనిచేసి, ఒక రాత్రి కొండ కింద నీటి పక్కన పడుకోవాలనుకోవడం మంచి కోరికే. మన కళాశాలల పిల్లలు కూడా ఇదే పని చేస్తున్నారు. అయితే ఆ రాత్రి మకాం గురించి ఎక్కడ ఆలోచిస్తున్నారు, ఎవరితో కలిసి ఆలోచిస్తున్నారు అన్నదే ప్రశ్న. ఏర్పాటంతా పట్నంలోనే జరిగిపోతున్నది. కోన కింద ఉన్న ఊరిని అడిగేవారు లేరు. కష్టం వచ్చినప్పుడు మాత్రం మొదట పరుగెత్తేది ఆ ఊరే.

ఒక రాత్రి జరిగిన సంగతి

పేరెందుకు గాని, మన తూర్పు కొండల కింద ఒక చిన్న ఊరు. కొన్నేళ్ల కిందట కార్తీక మాసంలో ఎనిమిది మంది యువకులు వచ్చి, చెరువులోకి దిగే వంకలో ఇసుక మెత్తగా ఉందని అక్కడే గుడారాలు వేశారు. పొద్దుగూకేటప్పుడు మేకలు మళ్లించుకొస్తున్న ఒక పెద్దాయన ఆగి, "నాయనా, మబ్బు కొండమీద పట్టింది, గట్టుమీదికి రండి" అని చెప్పాడు. తలమీద చుక్కలు కనిపిస్తున్నాయి కదా అని వాళ్లు ఆ మాట పట్టించుకోలేదు.

రాత్రి పదకొండు దాటాక వంక మోత ఊరికి వినిపించింది. ఊళ్లో చినుకు పడలేదు. అందరం లాంతర్లు, టార్చిలైట్లు, బావి మోకు తీసుకుని వెళ్లేసరికి ఆరుగురు గట్టెక్కారు, ఇద్దరు నడి వంకలో బండమీద చిక్కుకుపోయారు. మోకు పట్టుకున్న వారిలో ఈ విలేఖరి కూడా ఒకడు. తెల్లవారుజామున ఇద్దరినీ ప్రాణాలతో గట్టుకు చేర్చగలిగాము. అయితే మోకు కట్టుకుని నీళ్లలోకి దిగిన మా ఊరి యువకునికి కాలు విరిగింది. ఆ ఏడు చెనిక్కాయ పీకుళ్లకు అతడు వెళ్లలేకపోయాడు. వచ్చినవాళ్లు దండాలు పెట్టి వెళ్లారు. వాళ్ల పేర్లుగాని, ఊళ్లుగాని ఎవరూ రాసుకోలేదు. తర్వాత కొన్నాళ్లు కోనకు వెళ్లే దారే మూసేశారు. దారి మూసిన తర్వాత పట్నం వాళ్లు ఇంకో కోన వెతుక్కున్నారు. మేకల వాళ్లకు ఇంకో కోన లేదు.

ఈ ఒక్క సంగతిలోనే విషయమంతా ఉన్నది. గుడారం వేసే చోటు, వేసే కాలం, వేసేవాళ్ల లెక్క - ఈ మూడూ కింది ఊరికి తెలిసి ఉంటే ఆ రాత్రి మోకు అవసరమే వచ్చేది కాదు.

మనకు కొత్తది కాదు

కొండలో నీటి పక్కన మకాం వేయడం మన ప్రాంతానికి కొత్త కాదు. తాతల కాలంలో తిరుమలకు నడిచి వెళ్లేవారు దారి పొడుగునా సత్రాల్లోనూ, చెట్ల కిందా మూడు రాళ్లు పెట్టుకుని వండుకు తిన్నవారే. మహాశివరాత్రికి తలకోన సిద్ధేశ్వరస్వామి సన్నిధికి బండ్లు కట్టుకుని వెళ్లి జాగారం చేసినవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

తిరుమల కొండల్లోని తీర్థ ముక్కోటుల తేదీలు గమనిస్తే పెద్దల ముందుచూపు తెలుస్తుంది. రామకృష్ణ తీర్థానికి పుష్య పౌర్ణమి, కుమారధారకు మాఘ పౌర్ణమి, తుంబురు తీర్థానికి ఫాల్గుణ పౌర్ణమి. ఇవి మూడూ అడవి లోపలి కోనల్లో ఉన్న నీటి గుండాలే. మూడు తేదీలూ ఈశాన్య ఋతుపవనాల వానలు ముగిశాక వచ్చేవే. అప్పటికి వంకల ఉరవడి తగ్గుతుంది, గుండంలో నీళ్లు తేటపడతాయి, ఎండలు ఇంకా ముదరవు. పైగా మూడూ పున్నములే. దారి తప్పినా, పొద్దుపోయినా వెన్నెల ఉంటుంది. ఒక్కరొక్కరుగా కాక వందలాది మంది కలిసి నడుస్తారు.

ఇప్పటికీ ఈ ముక్కోటులు అలాగే జరుగుతున్నాయి. ఆ రోజుల్లో దేవస్థానం వారు దారిలో తాగునీరు, అన్నప్రసాదం, వైద్యం ఏర్పాటు చేస్తారు. అటవీశాఖ, పోలీసు సిబ్బంది దారి పొడుగునా ఉంటారు. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు రావద్దని ముందే చెబుతారు. దీన్ని భక్తి అనుకున్నా సరే, అడవి ప్రయాణానికి ఒక క్రమం అనుకున్నా సరే. కాలం, గుంపు, నీరు, తిండి, వైద్యం, కాపలా అన్నీ అందులో ఉన్నాయి. ఈనాడు పట్నం యువకులు పెట్టెలో సర్దుకుంటున్న సామానులో లేనిది ఈ క్రమమే.

నీరు చెప్పే మాట

మన తూర్పు కొండల్లో, శేషాచలంలో రాయి గట్టిది, నిలువు చరియలు ఎక్కువ. వాన పడితే నీళ్లు ఇంకే వీలు తక్కువ. చరియలమీద పడ్డ నీరంతా సన్నని కోనల్లోకి ఒక్కసారిగా దిగుతుంది. కింద ఆకాశం తేటగా ఉన్నా, పైన రెండు గంటల వాన చాలు, మోకాలి లోతు వంక నిలువు లోతు అవుతుంది. నీళ్ల రంగు ఎర్రబడడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, మోత పెరగడం - ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా సామాను వదిలేసి గట్టెక్కవలసిందే. ఇది పశువుల కాపరికి తెలుసు. పుస్తకం చదివి వచ్చినవారికి తెలియకపోవచ్చు.

కొండ నీటి బలం ఎంతో 2021 నవంబరులో మనమంతా చూశాము. ఆ నెల మూడో వారంలో కురిసిన వానలకు తిరుమల ఘాట్ దారుల్లో చరియలు విరిగిపడ్డాయి. కపిలతీర్థం దగ్గర నీరు ఉప్పెనలా దూకింది. స్వర్ణముఖి పొంగింది. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు గండిపడే ప్రమాదం వచ్చి, కింది గ్రామాల వారిని ఖాళీ చేయించవలసి వచ్చింది. విజయనగర రాయల కాలంనాటిదని చెప్పుకునే ఆ చెరువు చుట్టూ కొండలు, నడుమ నీళ్లు. చూడడానికి ఎంత బాగుంటుందో, ఆ వారం కింది ఊళ్ల వారికి అంత భయం పెట్టింది.

అందువల్ల నీటి పక్కన మకాం అనుకునేవారు మూడు చోట్లు విడిచిపెట్టాలి. ఒకటి, వంక గర్భంలోని ఇసుక. రెండు, చెరువు కట్ట మీద, కట్ట దిగువన, మొరవ పారే దారిలో. మూడు, నీటి అంచున జంతువులు దిగే రేవు. గుడారానికి తగిన చోటు నీటికి ఎత్తున, కొంత ఎడంగా ఉన్న మెట్ట నేల. నీళ్లు తెచ్చుకోవడానికి నాలుగడుగులు ఎక్కువ పడితే పడనీ.

ఈతగాళ్లకు మరొక మాట. మన చెరువుల్లో మట్టి తవ్విన గుంతలు ఎన్నో ఉన్నాయి. నీళ్లు నిండితే అవి పైకి కనపడవు. నడుము లోతు అనుకుని అడుగువేస్తే నిలువు లోతు. కోన మడుగుల్లోనేమో బండ పాచిపట్టి జారుతుంది, అడుగున రాళ్ల సందులుంటాయి. పైనుంచి దూకినవాడు ఎక్కడ తేలుతాడో చెప్పలేము. తాగి నీళ్లలోకి దిగడం అన్నది ఈత వచ్చినవాడికైనా చావే.

అడవిలో మనమొక్కరమే లేము

అడవి లోపల రాత్రి మకాంకు మరో చిక్కు జంతువులు. మన జిల్లాకు ఏనుగులు 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చాయి. వాటి కోసమే పలమనేరు, కుప్పం అడవుల్లో 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఇప్పుడు ఏనుగులు ఆ హద్దుల్లోనే లేవు. శేషాచలం వైపు కూడా తిరుగుతున్నాయి. 2025 ఫిబ్రవరిలో మహాశివరాత్రికి ముందు, ఓబులవారిపల్లె మండలం గుండాలకోన దగ్గర శివదర్శనానికి అడవి దారిన నడిచి వెళ్తున్న భక్తులపై ఏనుగులు దాడి చేయగా ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. వారు విహారానికి వచ్చిన పట్నం వారు కారు, ఆ చుట్టుపక్కల పల్లెల వారే. దారి తెలిసినవారికే ఆ గతి పడితే, తెలియనివారి సంగతి చెప్పనక్కరలేదు.

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక ఆరేళ్ల బాలికను పొట్టనబెట్టుకున్నది. దీపాలు, మెట్లు, కాపలా, నిత్యం జనం ఉన్న దారి అది. ఆ తర్వాతే పిల్లలతో నడిచేవారికి వేళలు పెట్టారు, భక్తుల చేతికి కర్రలు ఇచ్చారు. అటువంటప్పుడు ఏ దీపమూ లేని కోనలో, మాంసం కాల్చుకుని ఎముకలు గుడారం పక్కనే పారేసి నిద్రపోవడం ఎంత తెలివితక్కువ పనో వేరుగా చెప్పనక్కరలేదు.

నెగడు వేసుకుంటే జంతువు రాదని కొందరి ధైర్యం. మాఘం దాటితే కొండమీద బోద ఎండి అగ్గిపుల్లకు కాచుకుని ఉంటుంది. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో నడకకు వెళ్లిన బృందాలు కార్చిచ్చులో చిక్కుకున్నాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది చెన్నై, ఈరోడ్ వంటి ఊళ్ల నుంచి వచ్చినవారు. ఆ కొండలూ మన కొండల వంటివే, ఆ గడ్డీ మన గడ్డి వంటిదే.

చెరువు ఒకరిది, అడవి ఒకరిది

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా వెళ్లడం, నిప్పు పెట్టడం రాష్ట్ర అటవీ చట్టం ప్రకారం నేరం. అభయారణ్యం, జాతీయ వనం అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. పర్యాటకానికైనా అనుమతి పత్రం తీసుకునే లోపలికి వెళ్లాలి. తలకోన ఉన్నది 1989లో ప్రకటించిన శ్రీవేంకటేశ్వర జాతీయ వనంలో. శేషాచలం కొండలు 2010 నుంచి జీవావరణ పరిరక్షణ ప్రాంతం కూడా.

దీనికి తోడు ఎర్రచందనం. మన కొండల్లో పెరిగే ఈ చెట్టుకోసం దొంగలు, వారికోసం కాపలా. రాత్రిపూట అడవి అంచున ముక్కూమొహం తెలియని బండి కనిపిస్తే అధికారులకు అనుమానం రావడం సహజం. ఆ అనుమానం మొదట పడేది దారి చూపిన ఊరివాడి మీదే. నూరు రూపాయలకు ఆశపడి అనుమతి లేని గుంపుకు దారి చూపిన పల్లె యువకుడు కేసులో చిక్కుకుంటే, ఆ పర్యాటకులు వచ్చి సాక్ష్యం చెప్పరు.

అయితే అన్ని నీళ్లూ అడవి లోపలివి కావు. కొండ కింది చెరువుల్లో చాలావాటి గట్లు ఊరి హద్దులోనే ఉన్నాయి. చెరువు ఒక శాఖది, రోడ్డు ఒక శాఖది, పైనున్న అడవి ఇంకొక శాఖది. ముగ్గురి నడుమ ఊరి మాటకు చోటు లేకపోవడమే ఇప్పటి లోపం.

మూడు చోట్లు, మూడు పద్ధతులు

మన ప్రాంతంలోనే మూడు పద్ధతులు కనిపిస్తున్నాయి.

మొదటిది హార్సిలీ హిల్స్. పూర్వం ఏనుగు మల్లమ్మ కొండ. సముద్రమట్టానికి 1,265 మీటర్ల ఎత్తు. పంతొమ్మిదో శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న హార్సిలీ దొర అక్కడ బంగళా కట్టించుకోవడంతో ఆ పేరు వచ్చింది. మదనపల్లె వైపు అప్పట్లో కడప జిల్లాలో ఉండేది, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మనలో కలిసింది, 2022లో అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. కొండమీద గంగోత్రి అనే చిన్న చెరువు ఉన్నది. పైదాకా రోడ్డు, పర్యాటక సంస్థ గదులు, దీపాలు, భోజనం ఉన్నాయి. అక్కడ బస ముందుగా మాట్లాడుకుని వెళ్లేదే. చిన్నపిల్లలతో, పెద్దవారితో వెళ్లేవారికి ఇదే మేలు. అయితే ఈ పద్ధతిలో ఏర్పాటంతా సంస్థదే, కింది ఊళ్లకు దక్కేది తక్కువ.

రెండవది తలకోన. ఎర్రావారిపాళెం మండలంలో, తిరుపతికి 50 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. 270 అడుగుల జలపాతం. అక్కడ అటవీశాఖ నెరబైలు వన సంరక్షణ సమితిని కలుపుకుని పర్యావరణ పర్యాటకాన్ని నడుపుతూ వచ్చింది. రాష్ట్రంలో ఈ సమితులు 1992లో మొదలయ్యాయి. అడవిని కాపాడే ఊరికి అడవిమీద వచ్చే రాబడిలో భాగం ఉండాలన్నది వాటి మూల సూత్రం. టిక్కెట్టు, బస, కాపలా ఒక పద్ధతిలో ఉంటే, ఎవరు లోపలికి వెళ్లారో ఎవరు తిరిగి రాలేదో తెలుస్తుంది. లోపాలు అక్కడా ఉండవచ్చు, కాని దారి సరైనది.

మూడవది మన తూర్పు కోనలు. నాగలాపురం కొండల మడుగులు, వరదయ్యపాళెం వైపు ఉబ్బలమడుగు, ఇంకా పేరు పెట్టని ఎన్నో గుండాలు. చెన్నైకి రెండు మూడు గంటల దారి కావడంతో రద్దీ ఇక్కడే ఎక్కువ, ఏర్పాట్లు ఇక్కడే తక్కువ. ప్రమాదం జరిగితే దారి మూయడం, కొన్నాళ్లకు మరుపు రావడం, మళ్లీ జనం రావడం. మూయడం, తెరవడం తప్ప నడుమ ఒక పద్ధతి ఏర్పడడం లేదు.

ఊరి లెక్క

2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన కొత్త పర్యాటక విధానం ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. రేపు పెద్ద సంస్థలు వచ్చి చెరువుల పక్కన వరుసగా గుడారాలు వేయవచ్చు. వద్దనడం మన చేతిలో ఉండకపోవచ్చు. కాబట్టి ఇప్పుడే ఊరు తన లెక్క తాను వేసుకోవాలి.

ఇరవై మంది గుంపు ఒక శనివారం వచ్చిందనుకుందాం. తలకు వంద రూపాయల ప్రవేశ రుసుము అయితే 2,000. ఇద్దరు దారి చూపేవారికి ఐదేసి వందలు, 1,000. రాత్రి సంగటి, కోడికూర, పొద్దున ఇడ్లీ కలిపి తలకు 150 అయితే 3,000. నాలుగు బండ్లకు కాపలా 50 చొప్పున 200. మొత్తం 6,200 రూపాయలు. పుష్యం నుంచి మాఘం దాకా ఎనిమిది శనివారాలు వస్తే 49,600. చిన్న పల్లెలో మహిళా సంఘానికి, నలుగురు నిరుద్యోగ యువకులకు ఇది చిన్న మొత్తం కాదు.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? బియ్యం నుంచి బొగ్గు దాకా పట్నంలోనే కొనుక్కుని వస్తున్నారు. ఊరికి మిగిలేది టీ డబ్బులు, చెత్త. పగిలిన సీసా గుచ్చుకుని ఆవు కాలు చీముపడితే పశువైద్యానికి ఖర్చు రైతుదే. ప్లాస్టిక్ సంచి మింగిన మేక చచ్చిపోతే నష్టం కాపరిదే. ఈ ఖర్చులు ఏ లెక్కలోనూ ఎక్కడం లేదు.

పొరుగువారు చేసిన పని

కురంగణి దుర్ఘటన తర్వాత తమిళనాడు ప్రభుత్వం కొండ నడకలకు నిబంధనలు పెట్టింది. 2024 అక్టోబరులో 40 దారులను ఎంపికచేసి, ముందుగా పేరు నమోదు చేసుకున్నవారినే, శిక్షణ పొందిన స్థానిక యువకుల వెంట పంపే పథకం మొదలుపెట్టింది. మన సరిహద్దుకు దగ్గరలోని తిరువళ్లూరు జిల్లా గుడియం గుహల దారి కూడా అందులో ఉన్నది. కార్చిచ్చు కాలంలో దారులు మూసివేస్తున్నారు. ఆ కొండవైపు వెళ్లాలంటే పేరు, డబ్బు, మనిషి లెక్క అన్నీ ముందే తేలాలి. ఇటు వైపు కొండకు మాత్రం ఎవరికీ చెప్పనక్కరలేదు. అటువంటప్పుడు పద్ధతి ఇష్టపడని గుంపులు ఎటువైపు వస్తాయో ఊహించడం కష్టం కాదు.

ఏమి చేయాలి?

మొదట ఊరు చేయగలిగినవి. ఈశాన్య వానలకు ముందు ఒక గ్రామసభలో ఈ విషయం చర్చించి తీర్మానం చేయాలి. చెరువు పక్కన మకాంకు తగిన మెట్ట నేల ఏది, తగనిది ఏది, ఊళ్లోని కాపరులను, నీరు కట్టేవారిని అడిగి గుర్తులు పెట్టాలి. మొరవ దారి, మట్టి గుంతలు, జంతువుల రేవు తెలిపే బోర్డులు తెలుగులోనూ, తమిళంలోనూ రాయించాలి. టీ అంగడిలోనైనా సరే ఒక నోటుపుస్తకం పెట్టి, వచ్చినవారి పేర్లు, ఎందరు, ఎన్నింటికి తిరిగి వస్తారు, ఇంటి ఫోను నంబరు రాయించుకోవాలి. తలకు కొంత చెత్త పూచీ కట్టించుకుని, తెచ్చిన చెత్త తిరిగి చూపిస్తే డబ్బు వాపసు ఇవ్వాలి. ఆశ్వయుజం నుంచి మార్గశిరం దాకా వంకల్లో, ఫాల్గుణం నుంచి వానలు పడేదాకా బోద కొండల్లో రాత్రి మకాం వద్దని ఊరే చెప్పాలి.

తర్వాత అధికారులు చేయవలసినవి. అడవి లోపలి కోనలకు వెళ్లనివ్వదలచుకుంటే అనుమతి పత్రం మండల కేంద్రంలోనే దొరకాలి. వెళ్లనివ్వదలచుకోకపోతే దారి మొదట్లోనే కాపలా పెట్టాలి. లోపలికి పోయాక పట్టుకోవడం వల్ల ఎవరికీ లాభం లేదు. కింది ఊళ్ల యువకులకు ప్రథమ చికిత్స, తాడుతో నీళ్లలోంచి రక్షించడం నేర్పించి, రెండు లైఫ్ జాకెట్లు, ఒక మంచి మోకు పంచాయతీలో ఉంచాలి. సాయానికి వెళ్లి గాయపడినవారి వైద్యానికి ఒక ఏర్పాటు ఉండాలి. దారి మూయవలసి వచ్చినా మేపు హక్కున్న ఊరివారిని విహారానికి వచ్చినవారితో కలిపి కట్టకూడదు.

ఇక వెళ్లేవారికి, ముఖ్యంగా మన పిల్లలకు. కాలం చూసుకోండి, పుష్య మాఘాలు మేలు. వాతావరణ కేంద్రం హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోండి. పొద్దుండగానే చోటు చేరండి. కోనలో ఫోను పలకదు. 112, 108 నంబర్లు ఉన్నాయన్న ధైర్యం కొండ మలుపు దాకానే. కాబట్టి ఊళ్లో ఒకరికి, ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి. తలకొక టార్చి, ఈల, తాడు, తాగునీరు, కట్టు కట్టే గుడ్డ, పాముకాటుకు దగ్గరి ఆస్పత్రి ఏదో తెలిసి ఉండడం అవసరం. వండినది మిగిలితే గుడారం దగ్గర పెట్టుకోవద్దు. నిప్పు కావాలంటే అనుమతి ఉన్న చోట, గడ్డి చెక్కిన నేలమీద, పడుకునే ముందు నీళ్లు పోసి చల్లార్చండి. అన్నిటికంటే ముఖ్యం, మేకల కాపరి ఆగి ఒక మాట చెబితే వినండి.

ఆ రోజు వంకలో మోకు కట్టుకుని దిగిన యువకుడు ఇప్పటికీ కొంచెం కుంటుతాడు. మళ్లీ మోత వినిపిస్తే వెళ్తావా అని అడిగితే, వెళ్లకేం చేస్తామన్నాడు. పల్లె ఎప్పుడూ వెళ్తుంది. వెళ్లవలసిన అవసరం రాకుండా చూడడం ఇప్పుడు పంచాయతీలు, అటవీశాఖ, పర్యాటకశాఖ కలిసి చేయవలసిన పని. కార్తీకం వచ్చేలోగా ఆ పని మొదలుపెడితే మంచిది.